అత్త ముందు పెట్టిన కవరు

శనివారం పొద్దున సార్జెంట్ పెనిసిమాని వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఏడింటికి పెయింటర్ సమిసోని ఇంటికెళ్ళి బోర్డు తెచ్చుకోవాలి. ఎనిమిదింటికి దాన్ని శిబిరం హాల్లో గోడకు బిగించాలి. పదింటికి రాజధాని పడవ దిగే కర్నల్ హవిలికి మెరిసే బూట్లతో సెల్యూట్ కొట్టాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత తేలికైన పథకం ఆయన వెయ్యలేదు. మూడు పనులూ చెడిపోవడానికి మూడు గంటలు సరిపోయాయి.

కర్నల్ ఊరికే రావడం లేదు. టోంగా సైన్యమే చిన్నది. అందులో మోటులోవా దీవి శిబిరం చిటికెన వేలి గోరంత. పాతికమంది కోసం ఒక శిబిరం ఎందుకని రాజధానిలో ఎవరికో అనుమానం వచ్చింది. "శిబిరం చరిత్రను ఒక పేజీలోను, ఎవరి కింద ఎవరున్నారో ఒక బోర్డుమీదను సిద్ధం చేసి ఉంచవలెను" అని ఉత్తరం రాశారు. మూసివేత ఉత్తర్వు కర్నల్ చేతిలోనే ఉంటుందనీ, ఇక్కడి వ్యవహారం నచ్చితే దాన్ని వెనక్కి పట్టుకుపోతాడనీ, నచ్చకపోతే కెప్టెన్ చేతిలో పెట్టి పోతాడనీ వైర్‌లెస్ గదిలో పనిచేసే తెలిసినవాడొకడు చెవిలో వేశాడు.

శిబిరం మూస్తే పాతికమందీ రాజధానికి పోవాలి. పెనిసిమానికి ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. తన పెండలం తోట, ఎనిమిది పందులు, చర్చి పాటబృందంలో ముప్పై ఏళ్ళుగా తను నిలబడే చోటు, అన్నీ వదిలేసి ఎక్కడో ఇనప మంచం మీద మూడేళ్ళు పడుకోవాలన్న ఊహకే ఆయనకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ధైర్యం చెప్పే భార్య ఓఫా పక్క దీవిలో అక్కగారింటికి వెళ్ళింది. ఆమే ఊళ్ళో ఉండి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

చరిత్ర పేజీ అప్పటికే రాసేశాడు. యుద్ధకాలంలో శత్రువుల ఓడలు వస్తాయేమో చూడమని నలుగుర్ని దీవి కొండమీద కూర్చోబెట్టారు. వాళ్ళ నాయకుడు పెనిసిమాని తాతే. మూడేళ్ళు చూశారు. ఒక్క ఓడా రాలేదు. ఒకసారి తిమింగలం మీద కాల్పులు జరిపారు, అది పట్టించుకోలేదు. యుద్ధం అయిపోయాక సైన్యాన్ని రద్దుచేసి అన్ని దీవుల కాపలావాళ్ళనీ ఇళ్ళకు పంపేశారు. మోటులోవా వాళ్ళు మాత్రం కొండ దిగలేదు. కొన్నేళ్ళకు సైన్యాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ఎవరైనా మిగిలారా అని చూస్తే నలుగురూ కొండమీదే ఉన్నారు. సరే, ఉండండి అన్నారు. అదే ఈ శిబిరం. అప్పుడు ఎందుకు దిగలేదో మాత్రం ఏ రికార్డులోనూ లేదు. పెనిసిమాని అక్కడొక గీత గీసి వదిలేశాడు.

ఇక బోర్డు సంగతి. సమిసోని ఊళ్ళో పడవలకు పేర్లూ చర్చికి బోర్డులూ రాస్తాడు. పెళ్ళికైనా చావుకైనా ఎవరు తెచ్చిన కానుకను ఎవరి ముందు పెట్టాలో చెప్పి, గొంతెత్తి చాటేదీ ఆయనే. దీవిలో ఎవరి ముత్తాతకు ఎవరు చెల్లెలో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎనిమిదడుగుల చెక్కను గోడకు నిలువునా ఆనించి, పని నచ్చినవాడిలా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

పెనిసిమాని పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ కిందనుంచి పైకి చదివాడు. ఎలా చదివినా అంతే. అన్నిటికంటే పైన ఎర్రటి అక్షరాల్లో "సిపాయి వికా". మధ్యలో ఆయన పేరు. అందరికంటే అడుగున, చెక్క అంచుకు ఆనుకుని, "కెప్టెన్ సోకాయి".

"ఇదేంటి సమిసోనీ?"

"బోర్డు."

"కెప్టెన్ అడుగునున్నాడేంటి?"

"మరెక్కడుంటాడు? నువ్వు చీటీలో తలకిందులుగా రాసిచ్చావు. తొందర్లో ఉన్నావేమోలే అని నేనే సరిచేశా."

"అది సైన్యం వరసయ్యా."

"సైన్యం సంగతి నాకేం తెలుసు? సోకాయి నీ మేనమామ కొడుకు. నువ్వు వాళ్ళింటి ఆడపడుచు కొడుకువి. నీ నెత్తిమీద వాడి పేరు రాసి రేపు చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇక వికా అంటావా, స్వయానా మీ మేనత్త లావినియా మనవరాలు. మేనత్త సంతానం నీకు పైనుండక కిందుంటుందా?"

సమిసోని చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. పగలు పెనిసిమాని సోకాయిని "సార్" అంటాడు. సాయంత్రం యూనిఫాం విప్పాక అదే సోకాయి దొడ్లోకి వెళ్ళి, నచ్చిన పందిని తోలుకొస్తాడు. ఆడపడుచు కొడుకు కాబట్టి అడగాల్సిన పని లేదు. సోకాయి కిక్కురుమనడు. వికా పొద్దున ఆయనకు సెల్యూట్ కొట్టి ట్రక్కు తాళం అడుగుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆయన కొత్త టార్చిలైటు పట్టుకుపోతుంది. ఆయన నవ్వుతూ చూడాలి. రెండు వరసలూ ఇన్నేళ్ళు ఒకదానికొకటి తగలకుండా నడిచాయి, రెండూ ఒకే బోర్డుమీదికి ఎప్పుడూ రాలేదు కాబట్టి.

"మళ్ళీ రాసిపెట్టవూ?"

"తప్పని తెలిసీ నేను రాయను. రంగు, బ్రష్షు, టర్పెంటైన్ ఇస్తా, పట్టుకెళ్ళు. ఆ పాపమేదో నీ చేత్తోనే చేసుకో."

అప్పటికే ఏడున్నర. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. దారంతా దుమ్ము. దుమ్ము సంగతి అటుంచి, కెప్టెన్ పేరు అడుగునున్న బోర్డును శనివారం సంత మధ్యలోంచి ఎలా తీసుకుపోవడం? సమిసోని భార్య ఒక పెద్ద మొగలాకుల చాప తెచ్చింది. రంగుకు తగలకుండా అడ్డంగా పుల్లలు పేర్చి, చాప చుట్టి, తాళ్ళతో మూడుచోట్ల కట్టి, నలుగురు పట్టి ట్రక్కులోకి ఎక్కించారు. గాలికి కదలకుండా పెనిసిమాని దాని పక్కనే వెల్లకిలా పడుకుని చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"మామయ్యా, నా పేరు భలే కనిపిస్తోంది" అంది వికా, స్టీరింగు ముందు కూర్చుంటూ.

"నేనిప్పుడు మామయ్యను కాను, సార్జెంట్‌ని. మెల్లగా తోలు. దుమ్ము లేచిందంటే ఊరుకోను. ఎవరేమడిగినా నోరు విప్పకు."

వికాలో ఉన్న మంచి గుణం చెప్పినది చెప్పినట్టు చెయ్యడం. నడిచే మనిషి దాటిపోగలిగినంత నెమ్మదిగా తోలింది. సంత దగ్గర చేమదుంపలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. సైనిక ట్రక్కు. పొడుగాటి వస్తువు. దానికి చుట్టిన చాప. మూడుచోట్ల కట్లు. మగవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ట్రక్కుకు ఇంత మర్యాద ఎన్నడూ ఎరగని వికా, ఎందుకైనా మంచిదని, బదులుగా తల వంచింది.

"ఎవరమ్మా?" అని ఒక ముసలాయన గొంతు తగ్గించి అడిగాడు.

"చెప్పకూడదు తాతా" అంది వికా, ఇంకా తల వంచుకునే.

ట్రక్కు శిబిరం గేటు దాటేసరికి చర్చి గంట మోగడం మొదలుపెట్టింది. ఎవరిదో పెళ్ళి కాబోలనుకున్నాడు పెనిసిమాని.

బోర్డును సామాన్ల గదిలో దింపి తక్కినవాళ్ళను పంపేశాడు. బూట్లకూ బట్టలకూ రంగంటితే కర్నల్ ముందు పరువు పోతుంది. అందుకని బూట్లు విప్పి తలుపు బయట జంటగా పెట్టాడు. వాటి పక్కన చొక్కా, లాగూ మడతపెట్టాడు. మడతమీద టోపీ ఉంచాడు. లోనిక్కరుతో లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాడు.

"వికా, అక్కడే కూచో. ఎవర్నీ రానివ్వకు. ఎవరికీ ఏం చెప్పకు."

"చెప్పను సార్జెంట్ గారూ" అంది వికా. టర్పెంటైన్ డబ్బా మూత తీసింది ఆ పిల్లే. అప్పటికే కళ్ళు చింతనిప్పుల్లా అయి, బొటబొటా నీళ్ళు కారుతున్నాయి.

తర్వాత బయట జరిగింది పెనిసిమానికి అప్పుడు తెలీదు. తొమ్మిదింటికి కెప్టెన్ సోకాయి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు ముందు జంట బూట్లు, మడత బట్టలు, వాటిమీద టోపీ. ఇంకా తాళ్ళు వేలాడుతున్న ట్రక్కు. ఆగకుండా మోగుతున్న గంట.

"వికా, బావ ఏడీ?"

"నన్నేం అడక్కండి సార్" అంది వికా, కళ్ళు తుడుచుకుంటూ. "నేను చెప్పలేను."

సోకాయి మెట్టుమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, లేచి, రెండు పనులు చేశాడు. రాజధానికి వైర్‌లెస్‌లో కబురు పెట్టాడు. ఆ వెంటనే పతకాలున్న చొక్కా విప్పేసి, మేనమామ వైపువాళ్ళు చావింట కట్టుకునే చిరుగుల చాపను చంకల దాకా చుట్టుకుని, పెరట్లోకి వెళ్ళి గుంతపొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. ఆడపడుచు కొడుకు చావులో వంటశాల మేనమామ వాళ్ళది. అందులో ఎవరికీ సందేహం లేదు.

"సార్, పది కావస్తోంది" అన్నాడు ఒక సిపాయి భయంభయంగా. "కర్నల్ వచ్చేస్తాడు. పరేడ్ సంగతేంటి సార్?"

"ఇవాళ నేను సార్‌ను కాదురా, వంటవాణ్ణి. కట్టెలు తే."

లోపల పెనిసిమాని చెమటలు కక్కుతున్నాడు. కెప్టెన్ పేరు టర్పెంటైన్‌తో చెరిపేశాడు. తన పేరూ చెరిపేశాడు. మిగతావన్నీ చెరిపేశాడు. పైన ఎర్రరంగుతో రాసిన వికా పేరు మాత్రం ఎంత రుద్దినా పోవడం లేదు. సమిసోని ఆ ఒక్క పేరుకే పడవల రంగు వాడాడు, ఉప్పునీటికి కూడా చెరగదది. దాంతో కుస్తీ పడుతుండగా బయట కీర్తన వినిపించింది. కర్నల్ రాకకు పాటబృందాన్ని పిలిపించాడన్నమాట సోకాయి. వాడికీ బుర్ర ఉందే అని మెచ్చుకున్నాడు. పాట మంచిదే కానీ కింది గొంతు బలహీనంగా ఉంది. ఉండదా మరి, ముప్పై ఏళ్ళుగా ఆ గొంతు తనది. రుద్దుతూ రుద్దుతూనే రెండో చరణం నుంచి తనూ అందుకున్నాడు.

బయట పాట ఒక్కసారి ఆగింది. గదిలోంచి గంభీరంగా వస్తున్న గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. "పాపం, పోయినా పాట వదల్లేదు" అని ఎవరో అన్నారు. ఆ తర్వాత మొదలైన ఏడుపు ముందుదానికి రెండింతలుంది. తన పాట జనం గుండెను ఇంతగా తాకుతుందని పెనిసిమాని ఏనాడూ అనుకోలేదు. ఆయనకూ కాస్త కళ్ళు చెమర్చాయి.

అంతలో తలుపు పలకల సందులో ఒక కన్ను కనిపించింది. డెబ్భై ఎనిమిదేళ్ళ కన్ను. పైన నెరిసిన జుట్టుమీద కళ్ళద్దాలు.

"అత్తా" అన్నాడు పెనిసిమాని సందు దగ్గరికొచ్చి. "ఏంటీ జనం?"

లావినియా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. మోచేతుల దాకా ఎర్రరంగు. ఒంటిమీద నిక్కరు తప్ప ఏమీ లేదు.

"నువ్వు పోయావంట" అంది.

"నేనా?"

"గంట కొట్టారుగా. వినలేదూ? ఊరంతా ఇక్కడే ఉంది. చాపలో ఉన్నది బోర్డేనని తెలిసిన సమిసోని కూడా నీ బూట్లు చూసి నమ్మేశాడు. సోకాయి వంట పెట్టాడు. మూడు పందుల్ని కోశారు."

"ఎవరి పందులు?"

"ముందు నీవి రెండు. తర్వాత వాడిదొకటి."

పెనిసిమాని గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. అత్త బయటినుంచి తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. మేనత్త కూర్చుంటే ఆ తలుపును తోసే మొనగాడు దీవిలో లేడు.

"ఆగు. ఆ రంగుతో బయటికొచ్చావంటే నిజంగా పోయేవాళ్ళుంటారు. కడుక్కో ముందు. అన్నట్టు, ఆ కర్నల్ చేతిలో కవరుంటుందన్నావు కదూ?"

"అవునత్తా. అది సోకాయి చేతికిచ్చాడంటే అయిపోయినట్టే."

"సోకాయి చేతులు ఇవాళ ఖాళీగా లేవులే" అంది అత్త. "నువ్వు కడుక్కో."

వెంటనే పడవ కూత వినిపించింది. పెనిసిమాని గబగబా చేతులు రుద్దుకున్నాడు. టర్పెంటైన్ అయిపోయింది. రంగు పోలేదు. దిక్కుతోచక సందుకు కన్ను ఆనించి నిలబడ్డాడు.

కర్నల్ హవిలి బొద్దుగా, హుందాగా ఉన్నాడు. రేవులో ఎవరూ ఎదురు రాకపోయేసరికి కోపంగానే కొండెక్కి వచ్చినట్టున్నాడు. గేటు దగ్గర నల్లబట్టలు, నడుముకు కట్టిన చాపలు, ఏడుస్తున్న పాటబృందం కనిపించగానే ఆ కోపం పోయి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రాజధానివాడైనా టోంగా బిడ్డే. ఎక్కడ ఎలా నిలబడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు ముందు మేలైన చాపల దొంతరమీద లావినియా అత్త, ఆమె పక్కన సిపాయి వికా. అందరికంటే ముందు కోడికూర వాళ్ళిద్దరికే వడ్డించారు. పతకాల చొక్కా వేసుకోవాల్సిన కెప్టెన్ ఎక్కడో పొగలో దగ్గుతున్నాడు. కర్నల్‌కు అదేమీ వింతగా అనిపించలేదు. చావింట ఎవరి చోట్లో వాళ్ళున్నారు. తను ఉత్తచేతులతో వచ్చానే అనే సిగ్గు తప్ప ఆయన మనసులో ఇంకేం లేదు.

ఉత్తచేతులు కావవి. కుడిచేతిలో రాజముద్ర ఉన్న పొడుగాటి కవరుంది. చావుకు వచ్చిన పెద్దమనిషి చేతిలో కవరుంటే అదేమిటో దీవిలో పసిపిల్లాడికైనా తెలుసు. సమిసోని లేచాడు, రెండు చేతులూ చాపి ఎదురెళ్ళాడు, కళ్ళకద్దుకుని కవరు అందుకున్నాడు.

"రాజధాని నుంచి సముద్రం దాటి వచ్చిన కర్నల్ హవిలి గారి కానుక" అని శిబిరం దద్దరిల్లేలా చాటి, దాన్ని తీసుకెళ్ళి లావినియా అత్త ముందు పెట్టాడు.

"బహుదొడ్డ కానుక" అన్నారు జనం ఒక్క గొంతుతో.

కర్నల్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నోరు తెరిచాడు. మూడువందల మంది కళ్ళనీళ్ళతో తనవైపే చూస్తున్నారు. నోరు మూసుకున్నాడు. అత్త కవరు తీసి, చూడకుండానే, తొడకింద పెట్టుకుంది.

ఇక మాట్లాడక తప్పదు. పోయిందెవరని పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని కర్నల్ గొంతు సవరించుకున్నాడు. "సార్జెంట్ పెనిసిమాని" అని మొదలుపెట్టాడు. "నేను ఆయన్ని చూడలేదు. కానీ మీ అందర్నీ చూస్తే తెలుస్తోంది. ఒక్క మాట చెప్పక్కర్లేకుండా ఇంతమంది ఎవరి చోట్లో వాళ్ళున్నారంటే, అది ఆయన ముప్పై ఏళ్ళ కష్టం. అలాంటి మనిషి బతికుంటే ఈ శిబిరాన్ని మూసే మాట నా నోట వచ్చేదే కాదు."

తలుపు వెనక పెనిసిమానికి ఏడుపు ఆగలేదు. బతికుండగా ఆయన్ని ఎవరూ ఇంతలా పొగడలేదు. ఇప్పుడు బయటికెళ్తే ఆ పొగడ్త ఉంటుందో ఊడుతుందో తెలియలేదు. కాసేపు పోయినవాడిలాగే ఉండిపోదామా అనిపించింది. ఉండేవాడేనేమో, కర్నల్ ఆ తర్వాతి మాట అనకపోతే.

"సార్జెంట్ గౌరవార్థం" అని కర్నల్ గొంతు పెంచాడు. "దళం, సావధాన్."

ముప్పై ఏళ్ళ అలవాటు మనిషిని అడిగి చెయ్యదు. పెనిసిమాని మడమలు రెండూ టపీమని కలిశాయి. చేతులు పక్కలకు దిగాయి, దిగుతూ దిగుతూ బోర్డుకు తగిలాయి. బోర్డు వెళ్ళి తలుపు మీద పడింది. అత్త అప్పటికే కవరుతో సహా లేచి పక్కకు జరిగింది. గొళ్ళెం ఊడి, తలుపు తెరుచుకుని, ఎనిమిదడుగుల బోర్డు వచ్చి కర్నల్ కాళ్ళ దగ్గర వెల్లకిలా పడింది. గడపలో నిక్కరుతో, మోచేతుల దాకా ఎర్రరంగుతో, బ్రష్షు తుపాకీలా పట్టుకుని సార్జెంట్ పెనిసిమాని సావధాన్‌లో నిలబడి ఉన్నాడు.

పాటబృందంలో ఇద్దరు మూర్ఛపోయారు. పెరట్లోంచి చిరుగుల చాప, మసి మొహంతో సోకాయి పరుగెత్తుకొచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"బావా, బతికున్నావా. నీ కోసం నా నల్లపందిని కోసేశాను కదా బావా." అంతలో కర్నల్ పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి సర్దుకున్నాడు. "సార్జెంట్, యూనిఫాం ఏదీ?"

"బయటే ఉంది సార్. మడతపెట్టి" అన్నాడు పెనిసిమాని.

కర్నల్ ఇద్దర్నీ చూడలేదు. కిందపడిన బోర్డు చూస్తున్నాడు. దానిమీద ఒకే ఒక్క పేరు, ఎర్రగా. "సిపాయి వికా". తలెత్తి చాపల దొంతరమీద కోడికాలు తింటున్న వికాను చూశాడు. మళ్ళీ బోర్డు చూశాడు.

"బోర్డు సరిగ్గానే ఉంది" అన్నాడు నీరసంగా. తర్వాత లావినియా అత్తవైపు తిరిగి, చేతులు కట్టుకుని అడిగాడు. "అమ్మా, ఆ కవరు..."

"ఏ కవరు నాయనా?"

"ఇందాక మీ ముందు పెట్టారే, అది. అది కానుక కాదమ్మా. ప్రభుత్వ ఉత్తర్వు. ఇప్పుడెవరూ పోలేదు కూడా కదా."

"వాడు పోకపోతే నా తప్పా?" అంది అత్త నెమ్మదిగా. "మేనత్త ముందు పెట్టింది వెనక్కి తీసుకున్నవాణ్ణి నా ఎనభై ఏళ్ళలో చూడలేదు. అయినా నీ ఇష్టం. ఇంతకీ మీ అమ్మ ఎవరు నాయనా?"

కర్నల్ చెప్పాడు. సమిసోని క్షణం కళ్ళు మూసుకుని తెరిచాడు.

"దొరికింది" అన్నాడు. "వాళ్ళమ్మమ్మ మన తూర్పు కొస పిల్లే. కర్నల్ గారు సాక్షాత్తూ మన లావినియా వాళ్ళ అమ్మమ్మకు సొంత అన్న మునిమనవడు."

జనంలో ఒక నిట్టూర్పు లేచింది. అన్న మునిమనవడు ఒకవైపు, చెల్లెలి మనవరాలు ఒకవైపు. ఇక లెక్క చెప్పాల్సిన పని లేదు. అత్త కావాలంటే కవరొక్కటే కాదు, కర్నల్ భుజమ్మీది నక్షత్రాలు కూడా పీక్కోవచ్చు. ఎవరో ఇంకో చిరుగుల చాప తెచ్చి మర్యాదగా ఆయన చేతిలో పెట్టారు. కర్నల్ దాన్ని చూశాడు, సముద్రంవైపు చూశాడు, నిట్టూర్చి కట్టుకున్నాడు.

చావు లేదని పందుల్ని పారెయ్యలేరు. గుంతపొయ్యిమీద మట్టి తీసింది కెప్టెన్, ఆకులు తొలగించింది కర్నల్. మొదటి ముక్క వికాకు, రెండోది పెనిసిమానికి వెళ్ళాయి. వడ్డించేవాళ్ళిద్దరూ మసిలో ఒకే పోలికలో కనిపించారు.

పడవ వేళకు కర్నల్ మళ్ళీ అత్త దగ్గరికొచ్చాడు. ఈసారి గొంతులో బతిమాలుకోవడం ఉంది.

"అమ్మా, కవరు అడగను. ముట్టినట్టు ఈ రసీదుమీద సంతకమైనా పెట్టండి. అది కూడా లేకుండా వెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఎవరు పెట్టాలని ఉంది?"

"శిబిరంలో అందరికంటే పై వ్యక్తి అని ఉందమ్మా."

"అయితే నేనే" అంది అత్త. గుండ్రటి అక్షరాలతో లావినియా అని రాసిచ్చింది. కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

పడవ వెళ్ళాక రాజధాని నుంచి సంతాప సందేశం అందింది. సార్జెంట్ పెనిసిమాని మృతికి శిబిరం తరఫున ఎవరైనా సంతకం చేసి పుచ్చుకోవాలట. పెనిసిమానే పుచ్చుకున్నాడు. ఆ తర్వాత రంగు చేతులతోనే అత్త ఇంటికి నడిచాడు. అత్త గడపలో కూర్చుని కాళ్ళు పిసుక్కుంటోంది.

"అత్తా, నేను బతికున్నానని నీకు తెలుసుగా. మరి ఊరికి చెప్పలేదేం?"

"నువ్వు పోయావని మాత్రం నేనెక్కడ చెప్పానురా? ఖాళీగా ఉన్న చోట కూచున్నాను, అంతేగా."

ఆమె లోపలికెళ్ళి, పెళ్ళిళ్ళకు దాచుకున్న నారబట్టల పెట్టె తెరిచింది. అట్టడుగు మడతలోకి ఆ కవరును తోసింది. అక్కడ ఇంకో కవరుంది. పసుప్పచ్చగా, అంచులు చెదపురుగు కొరికి, అదే రాజముద్రతో.

"అదేంటత్తా?"

"మీ తాతకొచ్చింది. యుద్ధం అయిపోయింది, కొండ దిగి ఇళ్ళకు పొమ్మని. ఆయన దాన్ని చదివి, బాగా ఆలోచించి, పట్టుకెళ్ళి మా మేనత్త ముందు పెట్టేశాడు. ఆవిడ దాన్ని నాకు వదిలి పోయింది."

పెనిసిమాని పెట్టె పక్కనే కూలబడ్డాడు. చరిత్ర పేజీలో తను గీత గీసి వదిలేసిన చోటు గుర్తొచ్చింది. ఒక్క ఓడ కూడా రాని దీవిని ఇన్నేళ్ళుగా ఎవరు కాపాడుతున్నారో ఇప్పుడు తెలిసింది. నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎర్రరంగు మొహానికి కూడా అంటింది. ఇంటికెళ్ళి చరిత్ర పేజీ తీసి చూశాడు కానీ, ఆ గీతను గీతలాగే ఉంచేశాడు.

బోర్డు ఇప్పుడు హాల్లో గోడకే ఉంది. కెప్టెన్ పేరు, సార్జెంట్ పేరు మళ్ళీ రాయించాలని అందరూ అంటారు. సమిసోని మాత్రం వరస తేలితే తప్ప బ్రష్షు ముట్టనంటాడు. రాజధానిలో అధికారుల జాబితా అంతా వెతికినా లావినియా అనే పేరు దొరకలేదట. ఆవిడ జవాబు వచ్చేదాకా మూసివేత ఆపమని ఫైలుమీద రాశారట. నెలకొకసారి పడవలో "శిబిరాధిపతి లావినియా గారికి" అని ఒక కవరు వస్తుంది. పెనిసిమాని మెరిసే బూట్లు వేసుకుని, దాన్ని తీసుకెళ్ళి, సెల్యూట్ కొట్టి అత్త ముందు పెడతాడు. కళ్ళద్దాలు దొరకగానే అన్నీ చదివి జవాబు రాస్తానంటుంది అత్త. అవి ఎప్పటిలాగే ఆమె నెత్తిమీదున్నాయి.